అలిసినవాళ్ళ కోసం మూడు రోజుల సదస్సు

విశ్వాసులు బాగా అలిసిపోతున్నారని గమనించిన మా సంఘం, వాళ్ళకు విశ్రాంతి నేర్పడానికి మూడు రోజుల సదస్సు జరపాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. సదస్సు రోజూ తెల్లవారుజామున ప్రార్థనతో మొదలై పొద్దుపోయేదాకా సాగుతుంది. భోజన విరామం ఉంటుంది గానీ, ఆ సమయం వృథా పోకుండా అందులో సాక్ష్యాలు చెప్పించాలి. ఉద్యోగాలున్నవాళ్ళు సెలవు పెట్టుకుని రావాలి. రాలేనివాళ్ళు కారణం సంఘపెద్దకు విన్నవించుకోవాలి. విశ్రాంతి విషయంలో ఇంత పట్టుదల చూపిన సంఘం మరొకటి లేదని సవినయంగా గర్విస్తున్నాం.

సదస్సుకు అధ్యక్షుడు సంఘపెద్దే. సిమెంటు దుకాణం ఉంది కాబట్టి ఆయన్ని సిమెంటు పెద్దాయన అంటారు. ఆయన మాట కూడా అంతే, ఒకసారి గట్టిపడితే కదలదు. "ఈ శరీరం దేవుడి ఆలయం. ఆలయాన్ని పాడుపెట్టుకుంటే పాపం కాదా?" అని ఆయన కమిటీలో అడిగినప్పుడు అందరం తలలూపాం. ఆ తర్వాత హాలు ఊడ్చడం, కుర్చీలు వేయడం, పాటలు నేర్పడం, వంటకు మనుషుల్ని కుదర్చడం, పిల్లల్ని ఒకచోట కూర్చోబెట్టడం, ప్రసంగీకుడికి పక్క సర్దడం లాంటి చిల్లర పనులు ఎవరు చూస్తారన్న ప్రశ్న వచ్చింది. వచ్చిన ప్రశ్న కూర్చోనైనా లేదు.

"అక్క ఉందిగా" అన్నారు.

అక్కంటే కీబోర్డు అక్క. పోస్టాఫీసు కౌంటరులో గుమాస్తా. ఆదివారం ఆరాధనలో కీబోర్డు వాయిస్తుంది. ఆమెకన్నా వయసులో పెద్దవాళ్ళు కూడా ఆమెను అక్క అనే పిలుస్తారు. ఆ పిలుపులో ఒక వెసులుబాటుంది. చెల్లెలంటే గారం చేయాలి. అమ్మంటే కూర్చోబెట్టి చూసుకోవాలి. అక్కకైతే ఆ ఇబ్బందులేవీ లేవు.

సదస్సు దగ్గరపడుతున్న రోజుల్లో పోస్టాఫీసులో చిన్న విశేషం జరిగింది. అక్క కవరు మీద వేయాల్సిన ముద్రను, కవరు ఇచ్చిన ముసలాయన ముంజేతి మీద వేసింది. ఆయన చెయ్యి వెలుతురులో పెట్టి చూసుకుని, "నన్ను ఎక్కడికి పంపుతున్నావమ్మా?" అన్నాడు. వరుసలో ఉన్నవాళ్ళు నవ్వారు. అక్క కూడా నవ్వబోయింది గానీ కళ్ళు తిరిగి కౌంటరు పట్టుకుంది.

డాక్టరమ్మ పరీక్ష చేసి, మందుచీటీ పక్కకు నెట్టింది. "మందు రాయడానికి నీకు జబ్బుండాలి కదమ్మా. నీకున్నది నిద్రలేమి. దానివల్లే రక్తపోటు కూడా పెరుగుతోంది. ముందు వెళ్ళి పడుకో. ఇలాగే లాక్కొస్తే ఏదో ఒక రోజు ఎక్కడ పడితే అక్కడ పడిపోతావు. ఇంట్లో ఎవరికైనా చెప్పావా?"

ఇంట్లో భర్తకు చెప్పింది. భర్త మంచివాడు. విని చాలా బాధపడ్డాడు. "నాకు చెప్తే నేనేం చేస్తాను? అయ్యగారితో చెప్పు" అని, ఆ బాధలోనే, తన చొక్కా ఇస్త్రీ అయిందా అని అడిగాడు.

అయ్యగారంటే మా పాస్టరుగారు. అక్క వెళ్ళి గుమ్మం దగ్గరే నిలబడి, "అయ్యగారూ, ఒక్క రెండు వారాలు నన్ను వదిలెయ్యండి. ఒంట్లో బాగోలేదు. డాక్టరమ్మ పడుకోమంది" అంది.

అయ్యగారి కళ్ళు చెమ్మగిల్లాయి. "తప్పకుండా తల్లీ. నువ్వు పడుకోవలసిందే. సదస్సు అయిపోగానే పడుకో. అసలు ఆ సదస్సు పెడుతున్నదే నీలాంటివాళ్ళ కోసం."

తన కోసమే అన్నాక ఎవరు మాత్రం కాదంటారు? అక్క తిరిగొచ్చి కుర్చీలు లెక్కపెట్టుకుంది.

ప్రసంగీకుడు విశ్రాంతి అనే అంశం మీద అపార కృషి చేసిన మనిషి. ఏడాది పొడుగునా ఊరూరా తిరిగి దాని గురించే చెప్పడం వల్ల ఆయన కళ్ళ కింద నల్లటి వలయాలుండేవి. ప్రసంగం సాగుతున్నంతసేపూ వెనక సన్నగా సంగీతం వినబడితే గానీ ఆయనకు మాట రాదు. కాబట్టి ఆయన మాట్లాడినంతసేపూ అక్క వాయిస్తూ ఉండాలి. ఆయన మాట్లాడనప్పుడు వంటగదిలో ఉండాలి.

రెండో రోజు మధ్యాహ్నం ప్రసంగం రసకందాయంలో పడింది. "పడవ మీద తుఫాను విరుచుకుపడుతోంది. శిష్యులు గజగజ వణుకుతున్నారు. అప్పుడు ప్రభువు ఏం చేస్తున్నాడు? తలకింద దిండు పెట్టుకుని నిద్రపోతున్నాడు. ప్రియులారా, నిద్రపోవడం కూడా విశ్వాసమే." ఆ సమయంలో వెనక బెంచీలో కునుకుతున్న ఇద్దరు ముసలివాళ్ళను వాలంటీర్లు భుజం తట్టి లేపారు. నిద్ర గురించి అంత మంచి మాట వాళ్ళు వినకుండా పోతారేమోనని వీళ్ళ ఆదుర్దా.

సరిగ్గా అప్పుడే సంగీతం ఆగి, ఒకే ఒక్క స్వరం హాలంతా మోగింది. మోగుతూనే ఉంది. ప్రసంగీకుడు ఒళ్ళు పులకరించి రెండు చేతులూ పైకెత్తాడు. ఆయన్ని చూసి ముందు బెంచీలవాళ్ళు, వాళ్ళను చూసి మేము, అందరం లేచి చేతులెత్తాం. కొందరికి కన్నీళ్ళు ఆగలేదు. సిమెంటు పెద్దాయన గద్గద స్వరంతో ప్రార్థన అందుకుని అన్ని దేశాల కోసమూ ప్రార్థించాడు.

కళ్ళు తెరిచి ఉన్నది పాస్టరమ్మ ఒక్కతే. ఆవిడ అయ్యగారి భార్య. సభలో ఎప్పుడూ మాట్లాడని మనిషి. గబగబా వెళ్ళి, కీబోర్డు మీద వాలిపోయిన అక్క మోచేతిని పైకెత్తింది. స్వరం ఆగింది. ఎత్తిన చేతులు గాలిలోనే ఉండిపోయాయి. అక్కకు స్పృహ తప్పలేదు. ఊపిరి నెమ్మదిగా ఆడుతోంది. నిద్రపోతోంది, అంతే. పాస్టరమ్మ ఇద్దరు ఆడవాళ్ళను పిలిచి, ఆమెను పక్కగదిలోకి నడిపించి, ప్రసంగీకుడి కోసం సర్దిన పక్క మీదే పడుకోబెట్టింది. తలుపు మూసి, బయట కుర్చీ వేసుకుని కూర్చుంది.

భోజనాల వేళకు సిమెంటు పెద్దాయన వచ్చాడు.

"గిన్నెలు కనబడటం లేదమ్మా."

"వెతకండి. వెదికితే దొరుకుతుందని పోయిన నెల మీరే కదా చెప్పారు."

"వడ్డించేవాళ్ళు కూడా లేరు."

"ఇందాక చాలా చేతులు పైకి లేచాయి. చూశాను."

పెద్దాయన గొంతు తగ్గించాడు. "అది కాదమ్మా. అక్కను ఒక్క ఐదు నిమిషాలు లేపితే..."

"పడవలో శిష్యులూ ఇదే పని చేశారు" అంది పాస్టరమ్మ. "లేపి చీవాట్లు తిన్నారు."

ఆ పూట అయ్యగారు స్వయంగా గరిటె పట్టుకున్నారు. చెయ్యి కాలింది. ప్రసంగీకుడు నిలబడి తిన్నాడు. మొత్తానికి ఎవరూ పస్తు ఉండలేదు గానీ, కష్టాల గురించిన సాక్ష్యాలు మాత్రం ఆ రోజు పుష్కలంగా వచ్చాయి.

సాయంత్రం అక్క ఉలిక్కిపడి లేచింది. "ఆలస్యమైపోయిందా అమ్మగారూ?"

"దేనికి?"

అక్క ఆలోచించింది. దేనికో గుర్తు రాలేదు. అలా గుర్తు రాకపోవడం ఆమెకు ఎన్నేళ్ళకో. ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. పాస్టరమ్మ ఆమె తల నిమిరి, "పెళ్ళయిన కొత్తలో నేనూ ఇలాగే పడిపోయాను. అప్పుడు నా తలుపు దగ్గర కూర్చోవడానికి ఎవరూ లేరు. ఇంటికి పో. రేపు రావద్దు" అంది.

మూడో రోజు అక్క రాలేదు. ఆ తర్వాతి ఆదివారాలు వచ్చింది గానీ, అందరిలాగే బెంచీ మీద కూర్చుని, వాక్యం విని, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుని ఇంటికి వెళ్ళి పడుకుంది. ముఖం తేటపడింది. పోస్టాఫీసులో ముద్రలు కవర్ల మీదే పడుతున్నాయి. ఆమె భర్త ఇస్త్రీ పెట్టె వాడకం నేర్చుకుని, ఇప్పటికి ఒక చొక్కాను మాత్రమే కాల్చాడు. ఇవన్నీ చూసి సంఘం తీవ్రంగా కలత చెందింది. ఆమె భక్తి చల్లారిపోయిందని, తిరిగి రగలాలని ప్రత్యేక ప్రార్థనలు మొదలుపెట్టింది.

అంతటితో పోతే బాగుండేది. సదస్సు మూడు రోజులూ ముందు వరుసలో కూర్చుని శ్రద్ధగా విన్న మరొకావిడ ఉంది. ఆవిడ సిమెంటు పెద్దాయన భార్య. సదస్సు ముగిసిన మర్నాడు తెల్లవారినా ఆవిడ లేవలేదు. పెద్దాయన కంగారుగా తట్టి లేపితే, "నిద్రపోవడం కూడా విశ్వాసమేనండీ" అని అటు తిరిగి పడుకుంది. వారం తిరక్కుండానే ఈ విశ్వాసం మరి నాలుగిళ్ళకు పాకింది.

వెంటనే కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. విశ్రాంతి మంచిదే గానీ దాన్ని విన్నవాళ్ళు ఆచరణలో పెట్టడం సిద్ధాంతరీత్యా ప్రమాదకరమని పెద్దాయన వివరించాడు. వచ్చే సదస్సుకు అంశం ‘సేవ’ అని తీర్మానించాం. మేమంతా చేతులెత్తాం. ఆడవాళ్ళెవరూ వ్యతిరేకించలేదు. వాళ్ళు రాలేదు.

ప్రసంగీకుడు ఒప్పుకున్నాడు. తేదీలు కుదిరాయి. ఇక పనిచేసే మనిషి ఒక్కరే కావాలి. మీ సంఘంలో గానీ, మీ ఇంట్లో గానీ, అడిగితే కాదనలేని ఆడమనిషి ఎవరైనా ఉంటే దయచేసి తెలియజేయగలరు. అలిసిపోయి ఉన్నా మాకు అభ్యంతరం లేదు.