పెర్త్‌లో బార్ట్లీ మల్వీ కడసారి చూపు

ఆ శనివారం పొద్దున నూలా వేసుకున్న పథకం చాలా సాదాసీదాది. ముందు శవపేటిక తెచ్చుకోవాలి, మధ్యాహ్నం ఒకసారి రిహార్సల్ చేసుకోవాలి, సాయంత్రం ఏడింటికి నాటకం వేయాలి. ఆమె నాటక సంఘానికి ఐర్లండ్ నుంచి ఆస్ట్రేలియా దాకా విమానంలో శవపేటిక మోసుకురావడం కుదరదు కనుక, పెర్త్‌లో అంత్యక్రియలు జరిపించే ఒక పెద్దమనిషిని బతిమాలి అరువు తీసుకున్నారు.

నాటకం నూలా రాసిందే. బార్ట్లీ మల్వీ అనే పిసినారి రైతు పోతాడు. ముందుగదిలో శవాన్ని పెట్టుకుని, టీ తాగుతూ, చుట్టాలు ఆయన పొలం కోసం కొట్లాడుకుంటారు. వాళ్ళన్న ప్రతి మాటకీ బార్ట్లీ పేటికలోంచి జవాబు చెబుతాడు. చుట్టాలకు వినపడదు, చూసేవాళ్ళకు వినపడుతుంది. సొంతూరు కిల్‌బ్రాక్‌లో వేసినప్పుడు సగం కుర్చీలు ఖాళీ. నూలాకు ఆ రోజు ఎంత ఏడుపొచ్చిందో ఆమె మొగుడు డెక్లన్‌కే తెలుసు. "పెర్త్‌లో మనవాళ్ళు బోలెడంతమంది ఉన్నారు. అక్కడా హాలు నిండకపోతే నాటక సంఘం మూసేద్దాం" అని అందరి ముందూ అనేసింది. అనేశాక నాలుక కరుచుకుంది గానీ, అన్నమాట అన్నట్టే ఉండిపోయింది.

టిక్కెట్లు తెగలేదన్న దిగులుతో ఆమె టీ కలుపుతుంటే డెక్లన్ చేతులు రుద్దుకుంటూ వచ్చాడు.

"ఇక్కడి మనవాళ్ళ రేడియోలో ప్రకటన ఇచ్చేశా. ఇందాకే చదివారు. అదిరిపోయిందనుకో!"

"ఏమని ఇచ్చావు?"

"మన ఊళ్ళో పొద్దున వార్తలయ్యాక చావు కబుర్లు చదువుతారు చూడు, అచ్చం అలాగే. 'కిల్‌బ్రాక్ వాస్తవ్యులు బార్ట్లీ మల్వీ గారు కాలం చేశారు. ఈ సాయంత్రం ఏడింటికి ఐరిష్ క్లబ్బులో కడసారి చూపు. అందరూ రావచ్చు.' ఆ గొంతు వింటే నాకే కళ్ళు చెమర్చాయి."

"చివర్లో నాటకమని చెప్పించావా?"

"చెబితే ఇంక సరదా ఏముంటుంది? మనవాళ్ళు ఆమాత్రం పట్టుకోలేరా?"

పట్టుకోలేరు. మా ఐర్లండ్ వాడు చావు కబురు వింటే అందులో హాస్యం వెతకడు, ఇస్త్రీ చొక్కా వెతుకుతాడు. పోయిందెవరో దారిలో కనుక్కుంటాడు.

కాసేపటికి ఫోన్లు మొదలయ్యాయి. ఎవరూ టిక్కెట్టు అడగలేదు. "శాండ్‌విచ్‌లు గుడ్డువి తెమ్మంటారా, హామ్‌వి తెమ్మంటారా?" అని ఒకావిడ. "పళ్ళ కేకు చేస్తున్నా, చాలకపోతే మొహమాటపడకండి" అని ఇంకొకావిడ. చావింటికి తినేవి పట్టుకెళ్ళడం మావాళ్ళ ఆనవాయితీ అన్నది తట్టక, ఈ క్లబ్బువాళ్ళు ఎంత మర్యాదస్తులో అని నూలా మురిసిపోయింది. పూలగుత్తులు వస్తే, నాటకానికి ముందే పూలు పంపేవాళ్ళు ఇక్కడే ఉన్నారని ఇంకా మురిసింది.

సాయంత్రం ఆమె క్లబ్బు మేడమీద గదిలో ముస్తాబవుతుండగానే జనం దిగిపోయారు. అప్పటికి బార్ట్లీ వేషం వేసే బస్సు డ్రైవరు క్రిస్టీ ముఖానికి పౌడరు పూసుకుని, పేటిక మెత్తగా ఉందని అందులోనే కునుకు తీస్తున్నాడు. నల్లకోటు తొడుక్కున్న డెక్లన్ గుమ్మంలో దొరికాడు. ముందొచ్చిన పెద్దాయన అతని చెయ్యి పట్టుకుని, "ఎంత కష్టమొచ్చింది నాయనా" అన్నాడు. డెక్లన్‌కు ఏమనాలో తోచక, "ఏం చేస్తామండీ, పెద్దవాడే కదా" అనేశాడు. ఇక అంతే, పరామర్శించేవాళ్ళ వరస వీధి దాకా సాగింది.

నూలా మెట్లు దిగేసరికి ఫాదర్ కోల్మన్ జపమాలతో ఎదురయ్యాడు. "ప్రార్థన ఇప్పుడు మొదలెడదామా అమ్మా, అందరూ వచ్చాకనా?"

"ప్రార్థనేమిటి ఫాదర్? నాటకం కదా!"

"ఊరుకో తల్లీ, దుఃఖంలో మనిషి ఏదేదో అంటుంది" అని ఆయన ఆమె భుజం తట్టాడు.

ఆమె డెక్లన్‌ను మూలకు లాగింది. "వీళ్ళకి నువ్వు చెబుతావా, నిన్ను కూడా ఆ పెట్టెలో పడుకోబెట్టమంటావా?"

"ఎలా చెప్పను? ఆ లావుపాటాయన బార్ట్లీతో కలిసి రైలు సొరంగం తవ్వాట్ట! ఉత్త పిసినారి, అయినా దేవుడు చల్లగా చూడాలంటున్నాడు."

నూలాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. తన బార్ట్లీని ఇంత బాగా అర్థం చేసుకున్నవాళ్ళు సొంతూళ్ళో కూడా లేరు. హాలు చూస్తే గోడల దాకా జనం. కోరుకున్నదీ అదే, కానీ నిజం చెబితే ఒక్కరుండరు. చెప్పకపోతే, ఏడుస్తున్న వాళ్ళ ముందు శవం నోరు విప్పుతుంది. సంఘం పోతే పోయింది, వీళ్ళను మోసం చెయ్యకూడదనుకుని ఆమె వేదిక వైపు నడిచింది.

అప్పటికే టెరీసా అనే ముసలావిడ పేటిక పక్కన నిలబడి ఉంది. "మహమ్మారి రోజుల్లో ఐర్లండ్‌లో మా తమ్ముడు పోయాడమ్మా" అంది నూలాతో. "విమానాల్లేవు. ఫోన్లో చూశాను, పూడ్చేవేళకి బొమ్మ ఆగిపోయింది. నువ్వెవరో, ఈయనెవరో నాకు తెలీదు. వాడి కోసం ఏడవాల్సింది ఇక్కడ ఏడుద్దామని వచ్చాను." ఆమె వంగి క్రిస్టీ చెయ్యి పట్టుకుని నిజంగానే ఏడ్చింది. నూలా చెప్పాలనుకున్నది ఆపి, ఆమె వీపు నిమిరింది.

క్రిస్టీ ఎప్పుడో మేలుకున్నాడు. ఫిబ్రవరి అంటే ఇక్కడ నడివేసవి, ఆ ఉక్కకు అతని పౌడరు చెమటలో కారుతోంది. మనిషి మెత్తనివాడు. మూసిన కళ్ళలోంచి నీళ్ళు కూడా కారాయి.

టెరీసా ఏడుపు ఆపి చూసింది. "నీ చెయ్యి వెచ్చగా ఉందేం?"

"క్షమించు తల్లీ, ఇది నాటకం" అంది శవం.

దగ్గరున్నవాళ్ళు ఉలిక్కిపడి వెనక్కి జరిగారు. నూలా చేతులు జోడించింది. "తప్పు మాదే. మిమ్మల్ని ఏడిపించాలని కాదు. నాటకానికి ఎవరూ రారేమోనని..."

టెరీసా నూలాను, పేటికను, జనాన్ని చూసింది. చేతిరుమాలు మడిచి సంచిలో పెట్టుకుంది.

"మరి మొదలెట్టరేం? ఇందాకట్నుంచీ మా వంతు మేం చేస్తూనే ఉన్నాం" అని వెళ్ళి ముందు వరసలో కూర్చుంది.

"నాకు ముందే తెలుసు" అన్నాడు సొరంగం తవ్వినాయన. ఆ మాటకు లేచిన నవ్వు చాలాసేపటి దాకా ఆగలేదు. నవ్వుతూనే కుర్చీలు లాక్కున్నారు, ఫాదర్ కోల్మన్‌తో సహా. బార్ట్లీ పేటికలోంచి అన్న ప్రతి మాటకూ కేకు ముక్కలు చేతుల్లోంచి జారిపడ్డాయి. అందరికంటే గట్టిగా నవ్వింది టెరీసా. వెళ్తూ నూలా బుగ్గ నిమిరి, "మా తమ్ముడి చావుకి అందరం చేరగలిగి ఉంటే, వాడి కబుర్లు చెప్పుకుని ఇలాగే నవ్వి ఉండేవాళ్ళం" అంది.

ఆ రాత్రే నూలా కిల్‌బ్రాక్‌కు ఫోన్ చేసి, సంఘం మూసేది లేదని చెప్పింది. అది విని డెక్లన్‌కు మళ్ళీ హుషారొచ్చింది.

"వచ్చే ఏడాది పెళ్ళి నాటకం రాయవే. రేడియోలో శుభలేఖ చదివిస్తా!"

"వద్దు" అంది నూలా. "పెళ్ళికి పిలిచినవాళ్ళే వస్తారు."