బరువు తగ్గిన చరిత్ర

చరిత్ర పుస్తకం ఎంత పలచగా ఉంటే దేశానికి అంత ఆరోగ్యం. కాదంటారా? అయితే మీ పిల్లల బడిసంచీ ఒక్కపూట మోసి చూడండి!

సామ్రాజ్యం పోయి ఆధునిక దేశం ఎలా వచ్చిందో చెప్పే పాఠ్యపుస్తకం నా చిన్నప్పుడు ఇటుకలా ఉండేది. తలకింద పెట్టుకుని పడుకున్నవాళ్ళున్నారు గానీ, తలకెక్కించుకున్నవాళ్ళు తక్కువ. ఇప్పుడు మా అమ్మాయి దాన్నే విసనకర్రగా వాడుకుంటోంది.

ఈ ఘనతంతా సవరణల కమిటీది. వాళ్ళ రూలు బంగారం లాంటిది. ఏ వాక్యం ఎవరికి గుచ్చుకున్నా తీసేయించవచ్చు. కొత్తగా చేర్చాలంటే మాత్రం అందరూ ఒప్పుకోవాలి. అందరూ ఒప్పుకునేది టీ బ్రేక్ ఒక్కటే! రాజవంశీకుడినని చెప్పుకునే సభ్యుడు చక్రవర్తి ఓటమిని ఎత్తేయించాడు. రిటైరైన సైన్యాధికారి తిరుగుబాటును మాయం చేశాడు. ఇప్పుడు చక్రవర్తిగారు పొద్దున్నే లేచి, మొహం కడుక్కుని, తనంతట తానే కిరీటం తీసి కొక్కేనికి తగిలిస్తారు. మధ్యాహ్నానికల్లా జనమంతా ఆధునికులైపోతారు. రక్తం లేదు, కన్నీళ్ళు లేవు. ఇంతకన్నా ఏం కావాలి?

మా ఇంట్లో ఉండే పెద్దమ్మకే ఇది మింగుడు పడలేదు. కొత్త దేశానికి ఒకే భాష చాలనుకున్న రోజుల్లో, వేరే భాష మాట్లాడే ఆమె వీధినంతా వంతెన దాటించి తరిమేశారు. అప్పటికామె చిన్నపిల్ల. పాత ఇటుకలో దానికి ఒక పేరా ఉండేది. ఖాళీ అయిన ఆ ఇళ్ళలో చేరినవాళ్ళ మనవడు ఇప్పుడు కమిటీలో ఉన్నాడు. పాపం, ఆయనకు గుచ్చుకోదా?

పెద్దమ్మ చెప్పిందంతా మా అమ్మాయి పరీక్షలో రాసేసింది. టీచరమ్మ సున్నా చుట్టి, "పుస్తకంలో లేనిది రాయకూడదు" అని హెచ్చరించింది. న్యాయమే కదా!

అమ్మాయి మూతి ముడుచుకుని పెద్దమ్మ మంచం దగ్గరికి వెళ్ళింది.

"నువ్వు చెప్పిందంతా అబద్ధమట నానమ్మా. మీ ఊళ్ళో మొదట్నుంచీ అందరిదీ ఇదే భాషట."

పెద్దమ్మ మంచం మీద లేచి కూర్చుంది.

"పుస్తకంలో అలాగే ఉందా?"

"ఉంది."

"మరి మా అమ్మ నాకు ఏ భాషలో జోలపాడిందే?"

పిల్ల నావైపు చూసింది. నేను పుస్తకం తీసుకుని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వెతికాను. ఎంతోసేపు పట్టలేదు లెండి.