మా మరుగుదొడ్డి తాళం మహిమ

నాకు అన్నిటికంటే పెద్ద భయం, మా చంటిదానికి మళ్లీ విరేచనాలు పట్టుకోవడం. అందుకే బల్లగుద్ది చెబుతున్నాను: మరుగుదొడ్డికి తాళం వేసి ఉంచడమంత ఆరోగ్యకరమైన పని ఇంకోటి లేదు!

నవ్వకండి. బడి మధ్యలో మానేసినదాన్నే అయినా ఈ మాత్రం నాకూ తెలుసు. వాడితే కదా మురికయ్యేది? మురికైతే కదా కడగాల్సింది? తాళం వేశామా, ఒక్క దెబ్బకి బాధలన్నీ మాయం!

మా వీధిలో ఇంటింటికీ టాయిలెట్ ఉంది. తాళమూ ఉంది. ఎదురింటివాళ్లు అందులో ఉల్లిపాయలు ఆరబోశారు. పక్కింటి కోడి అక్కడే పొదుగుతోంది. ఆ మాత్రం ప్రైవసీ ఈ వీధిలో దానికొక్కదానికే! మా అత్తయ్యయితే టైల్స్ మీద ప్లాస్టిక్ కవరైనా తీయనివ్వలేదు. తాళంచెవి ఆవిడ నడుముకే. మేమంతా చెంబులతో పొలాల వైపు.

ఇలాంటి స్వర్గంలోకి దిగబడింది ఆరోగ్యక్క. భుజాన సంచీతో ఇల్లిల్లూ తిరిగి గోళ్లు చూస్తుంది, బిందె మీద మూత ఉందా అంటుంది, నీళ్లు కాచారా అని ఆరా తీస్తుంది. చంటిది వడిలిపోయి కళ్లు తేలేసినప్పుడు పక్కనే కూర్చుని, ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు చెంచాతో పట్టించి దాన్ని బతికించింది కూడా. ఎంత చొరవో చూడండి!

ఆ రోజే నా చెవిలో అడిగింది. "చెల్లీ, పొద్దున్నుంచీ తిరుగుతున్నా. ఒక్కసారి మీ టాయిలెట్‌కి వెళ్లొచ్చా?"

అత్తయ్య చెవులు పాము చెవులు. "కొత్తది కదమ్మా! మేమే ఇంకా వాడలేదు. రేపు చుట్టాలొస్తే ఏం చూపించను?"

"పర్లేదులే పిన్నీ" అని నవ్వేసింది అక్క. నేనిచ్చిన గ్లాసు మాత్రం ముట్టలేదు. "తాగితే మళ్లీ ఎక్కడికెళ్లను చెల్లీ? డ్యూటీలో నీళ్ల జోలికి పోను."

వీధి వీధినీ నీళ్లు తాగమని పోరే మనిషి!

ఇప్పుడావిడ చలిజ్వరంతో మంచమెక్కింది. మూత్రంలో ఇన్‌ఫెక్షనట. మా వీధికి ఎంత ప్రశాంతత! గోళ్లు చూసేవాళ్లు లేరు. నిన్న చంటిదానికి మళ్లీ విరేచనాలు పట్టుకున్నాయి. అడగడానికి అక్క లేదు. ఆవిడ చూపించినట్టే చెంచా పట్టుకుని కూర్చున్నాను. ఒక్క చుక్క ఒలకనివ్వలేదు.

పొద్దున అది తేరుకుని నవ్వింది. అత్తయ్య కునుకు తీస్తుంటే తాళంచెవి లాగేసి, తలుపు తీసి, ఆ ప్లాస్టిక్ కవర్ చింపేశాను.

"నీ దుంపతెగ! కొత్త టైల్సే!" అని ఆవిడ ఇంకా అరుస్తూనే ఉంది.

మీ వీధికీ సంచీ వేసుకుని ఒక అక్క వస్తుంది. ఆవిడ మీ బిందె చూసేలోపు మీరే అడగండి: "అక్కా, ఇవాళ నీళ్లు తాగావా?" తాగలేదంటే, ముందు మీ తాళంచెవి ఎక్కడుందో వెతకండి.