రెండు వందల మంది నారాయణ సార్లు

శుక్రవారం పొద్దున హన్మంతు వేసుకున్న పథకంలో ఎక్కడా వంక లేదు. మొదటి బస్సుకు జగిత్యాల పోయి, కాగితాన్ని గుండ్రంగా కోసే కట్టర్ తెస్తాడు. మధ్యాహ్నానికి కాగితాలు కోస్తాడు. శనివారమంతా మిషన్ మీద బిళ్ళలు ఒత్తుతాడు. చొక్కాకు పిన్నుతో పెట్టుకునే గుండ్రటి రేకు బిళ్ళలు, రెండు వందలు. ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని వాటిని మల్యాల బడికి పట్టుకుపోతాడు. అక్కడ అతని పదో తరగతి వాళ్ళంతా ముప్పై ఏళ్ళ తర్వాత కలుస్తున్నారు. ప్రతి బిళ్ళ మీదా లెక్కల నారాయణ సారు నవ్వుతుంటాడు. సారు తన ఉద్యోగకాలంలో నవ్వగా తీసిన ఫోటో ఒక్కటే ఉంది. దాన్ని సంపాదించడానికే, ఈ కలయికను దగ్గరుండి జరిపిస్తున్న రాజేందర్‌కు నెల పట్టింది.

హన్మంతు పద్నాలుగేళ్ళు బహ్రెయిన్‌లో ఉండి రెండేళ్ళ కింద కోరుట్లకు తిరిగొచ్చాడు. వచ్చి పుట్టగొడుగులు పెంచాడు. అవి మొలవాల్సిన సంచుల్లో మొలవక పడకగది గోడ మీద మొలిచాయి. తర్వాత తేనెటీగలు తెచ్చాడు. అవి పక్కింటి దేవవ్వను కుట్టి, మళ్ళీ ఆ వాడ ముఖం చూడలేదు. మూడోది ఈ బిళ్ళల మిషన్.

"ఇగో, చెప్తున్న," అంది అతని భార్య స్వరూప, ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతూనే. "ఆదివారం నీ బిళ్ళలు మంచిగ అయినయా, ఇంటికాడనే ఉండు, బిళ్ళలే చేసుకో. కాలేదా, సోమవారం పొద్దుగాల పాస్‌పోర్టు పట్టుకొని జగిత్యాల ఏజెంటు తానకు పోవుడే. మా అన్న శేఖర్ నాలుగు నెలలు తిరిగి తెప్పిచ్చిండు ఆ బహ్రెయిన్ వీసా. ఆయన ముందట నన్ను తల దించుకోనియ్యకు."

"అయితయ్‌లే."

"పుట్టగొడుగులప్పుడు గూడ గిట్లనే అన్నవ్."

అని, అల్మారాలోంచి పాస్‌పోర్టు తీసి, నారాయణ సారు ముఖాలు అచ్చయిన కాగితాలున్న కవర్లోనే పెట్టింది. "కండ్ల ముందట ఉంటే మరువవు."

బహ్రెయిన్ ఎండ గురించి హన్మంతు ఎవరితోనూ మాట్లాడడు. కానీ ఈ రెండేళ్ళుగా పొద్దున గడప మీద కూర్చుని చాయ్ తాగేటప్పుడు, కప్పులోకి చూసి ఊరికే నవ్వుకుంటుంటాడు. ఆ గడప, ఆ కప్పు పోకుండా కాపాడాల్సిన భారమిప్పుడు రెండు వందల మంది నారాయణ సార్ల మీద పడింది.

జగిత్యాల దుకాణంలో హన్మంతు జేబులోంచి ఖాళీ బిళ్ళ రేకు తీసి, మేనకోడలికి గాజులు కొనే మేనమామలా ఒక్కో కట్టర్‌లో దూర్చి చూశాడు. మీద చెయ్యేసి ఒత్తితే కాగితం గుండ్రంగా తెగిపడే రకం అది. ఒకదాంట్లో బిళ్ళ అచ్చు గుద్దినట్టు దిగింది.

"యాభై ఎనిమిది సైజు అన్నా," అన్నాడు దుకాణదారు. "బిళ్ళలకైతే జర పెద్దది గూడ ఉన్నది. సూపిస్తనా?"

"పెద్దది నాకెందుకు తమ్మీ? బిళ్ళ గింతుంటే కాగితం గంత పెట్టాల్నా? పద్నాలుగేండ్లు బహ్రెయిన్ల ఉన్నోన్ని, కొలతలు నాకు చెప్తవా?"

దుకాణదారు యాభై ఎనిమిదినే సంచిలో వేసిచ్చాడు.

ఇంటికొచ్చి ఒత్తి చూస్తే కట్టర్ వెన్నలా కోసింది. ఆ కోతలోని సుఖానికి అలవాటు పడి హన్మంతు ఆగలేకపోయాడు. ఇరవై ఐదు కాగితాలు, కాగితానికి ఎనిమిది ముఖాలు, మొత్తం రెండు వందలూ కోసి కుప్ప పెట్టాకే మొదటి బిళ్ళను మిషన్‌లో పెట్టి ఒత్తాడు. కటక్ మంది. తీసి చూస్తే సారు పళ్ళెంలో పెట్టిన పైసలా బిళ్ళ మీద ఊరికే కూర్చున్నాడు. చుట్టూ తెల్లటి రేకు. అటూ ఇటూ ఊపగానే సారు పక్కనుంచి జారి నేల మీద బోర్లా పడ్డాడు.

స్వరూప చాట మీంచి తలెత్తకుండానే అంది. "ఎనుకకు మలవనీకి కాగితమేదయ్యా?"

"ఏంది?"

"బీడీ మూతి మలవాల్నంటే ఆకు జర ఎక్కువ కోస్తం. నీ బిళ్ళకు గూడ కాగితం అంచు దాటి ఎనుకకు మలగాలె గదా. నువ్వు ఆకును బీడీ అంతనే కోసినవ్."

హన్మంతు మిషన్ వచ్చిన అట్టపెట్టెను తిరగేసి చూశాడు. బిళ్ళ యాభై ఎనిమిది, కాగితం డెబ్బై అని చీమ తలంత అక్షరాల్లో ఉంది.

కాగితాలు అచ్చేసే జిరాక్స్ దుకాణం లావణ్య అతన్ని చూసి, "మల్ల గదే సారా కాకా?" అంది. మళ్ళీ అదే సారు. ఇరవై ఐదు కాగితాలు.

జగిత్యాలలో పెద్ద కట్టర్ ఉంది. కానీ "పెద్దది నాకెందుకు" అన్న దుకాణం మెట్లు మళ్ళీ ఎక్కడానికి హన్మంతుకు ముఖం చెల్లలేదు. శనివారం తెల్లారగానే ఎక్కడో ఉన్న సిరిసిల్లకు బస్సెక్కాడు. అక్కడ చీరల అట్టపెట్టెలు చేసేవాళ్ళకు సామాను అమ్మే దుకాణంలో ఈసారి తెలివైన కట్టరే ఎంచుకున్నాడు. మధ్యలో గుచ్చే ముల్లు, దాని నుంచి జరిగే చేయి, చేయి చివర బ్లేడు, చేయి మీద అంకెలు. ఏ సైజు కావాలంటే ఆ సైజు. ఇక సైజు తప్పే మాటే లేదు.

ఇంటికొచ్చి కాగితాన్ని చాప మీద పరిచి, కట్టర్ చేతిని డెబ్బై దగ్గర బిగించి, ముల్లు గుచ్చి గిర్రున తిప్పాడు. చాయ్ సాసరంత ముక్క ఊడి వచ్చింది. అందులో ఒక సారు నిండుగా ఉన్నాడు. చుట్టూ ఒక సారు చెవి, ఇంకో సారు మీసం, ఇద్దరు సార్ల అరనవ్వులు ఉన్నాయి. చేయి మీది అంకెలు ముల్లు నుంచి బ్లేడుకు ఉన్న దూరమని, అంటే గుండ్రంలో సగమేనని, అప్పుడర్థమైంది. వ్యాసానికీ వ్యాసార్ధానికీ తేడా తెలియక పదో తరగతిలో ఇదే సారు చేతిలో తిన్న దెబ్బల మంట ముప్పై ఏళ్ళ తర్వాత అరచేతుల్లో మళ్ళీ లేచింది.

"చాప గూడ కోసినవ్," అంది స్వరూప కాగితం ఎత్తి చూసి. చాపకు చక్కటి గుండ్రటి కిటికీ పడింది. "పోనీలే, అన్నం గిన్నె కదలకుంట కూసుంటది."

చేతిని ముప్పై ఐదుకు జరిపి మళ్ళీ తిప్పాడు. ఈసారి సైజు కుదిరింది. కానీ ముల్లు గుచ్చిన చోట, సరిగ్గా సారు ముక్కు మీద, చిల్లు పడింది. ఇంకోటి కోశాడు. ఇంకో ముక్కు. అప్పుడే రాజేందర్ ఫోన్ చేశాడు.

"హన్మంతూ, సారు సంగతి ఏమైందిరా?"

"ఏం చెప్పాలె రాజేందర్. సారు ముక్కుకు పొక్క పడ్డది. నాతోని అయితలేదు. స్వరూప ఏమన్న చేస్తదేమో చూడాలె," అన్నాడు హన్మంతు. ఫోన్‌లో చార్జింగ్ అయిపోయింది.

స్వరూప లేచింది. పాత పౌడరు డబ్బా రేకును డెబ్బై కొలతకు గుండ్రంగా కత్తిరించి అంచులు అరగదీసింది. ఇరవై రెండేళ్ళుగా ఆమె తునికాకును అలాంటి రేకు ముక్క అడ్డం పెట్టే కోస్తోంది. చూడకుండా కోస్తుంది. మందంగా ఉండే ముదురాకైతే వేలికి తగలగానే, తల తిప్పకుండా పక్కకు పడేస్తుంది. హన్మంతుకు గుండె నిండింది. నిశ్చింతగా చాయ్ పెట్టుకోవడానికి పోయాడు. కప్పుతో తిరిగొచ్చేసరికి స్వరూప కాగితాల కట్టను తడిగుడ్డలో చుట్టి పెట్టి, కత్తెర నూరుకుంటోంది.

"అయ్యో! ఏందే గది?"

"తడపకుంట కోస్తే ఆకు పలుగదా?" అంది స్వరూప. అనేశాక ఇద్దరూ తడిగుడ్డ వైపు చూశారు.

విప్పేసరికి రంగు కారిపోయి సారు మీసం గడ్డం దాకా దిగింది. నవ్వు మెడలోకి జారింది. చార్జింగ్‌కు పెట్టిన ఫోన్ మళ్ళీ మోగింది.

"సారు ఎట్లున్నడురా?" అన్నాడు రాజేందర్, హలో కూడా అనకుండా.

"మొత్తం కారిపోయిండురా. మూతేదో గడ్డమేదో తెలుస్తలేదు."

అవతల రాజేందర్ ఏడ్చాడు. తన బిళ్ళల కోసం అంతగా బాధపడే స్నేహితుడు ఉన్నందుకు హన్మంతు కళ్ళు కూడా చెమ్మగిల్లాయి.

"కాకా," అంది లావణ్య మూడోసారి, "గీ సారును మీరు తింటున్నరా ఏంది?"

కాగితాలు తెచ్చాక స్వరూప వాటిని, ఆ పాత కవరుతో సహా, లోపలి గదిలోకి తీసుకుపోయింది. "ముందటి అర్రల నీ మిషన్ చప్పుడుకు నాకు సీరియల్ వినస్తలేదు. నేను లోపల టీవీ చూసుకుంట కోస్త. నువ్వు ఒత్తు." ఆ ఇంట్లో టీవీ ఆమెది. హన్మంతు దాని జోలికి పోడు.

కోసిన గుండ్రాలు తలుపు సందులోంచి కట్టలు కట్టలుగా వస్తున్నాయి. ఒక్కటి వంకర లేదు. హన్మంతు రేకు పెట్టి, సారును పెట్టి, పైన పలుచటి ప్లాస్టిక్ పొర పెట్టి, పిడి దించుతున్నాడు. కటక్. కటక్. వంద దాటాక అతని కళ్ళు చూడడం మానేశాయి. చేతులు మాత్రమే పని చేస్తున్నాయి. నడుమ ఒక్కసారి లోపలి నుంచి స్వరూప అడిగింది. "బహ్రెయిన్ల ఎండ అంత ఘోరముంటదా?"

"ఉంటది," అన్నాడు. కటక్.

ఇంకాసేపటికి ఒక బిళ్ళ మొరాయించింది. కాగితం మందంగా ఉన్నట్టుంది. పిడి దిగలేదు. హన్మంతు లేచి, కళ్ళు మూసుకుని, పొట్ట మొత్తం పిడి మీద వేసి వాలాడు. కటక్ మంది. డబ్బాలో వేశాడు. పొద్దుగుంకేసరికి అన్నీ అయిపోయాయి. లెక్కిస్తే రెండు వందల ఒకటి వచ్చాయి. తగ్గితే బాధ గానీ ఎక్కువైతే ఏముందని మూత పెట్టేశాడు.

ఆదివారం మల్యాల బడి ఆవరణలో శామియానా కింద అందరి ఛాతీల మీదా నారాయణ సారు నవ్వుతున్నాడు. ఒక్కొక్కరూ వచ్చి బిళ్ళను తడుముకుని, "ఎంత మంచిగున్నయ్‌రా" అంటుంటే, హన్మంతు ఆడవాళ్ళ వరుసలో కూర్చున్న స్వరూప వైపు మెడ నిక్కించి చూశాడు. ఆమె అటు చూడలేదు. రాజేందర్ మాత్రం వేదిక మీద కూర్చున్న సారు ముఖాన్ని దగ్గరగా చూసి, తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, డబ్బాలోంచి చేతికందిన బిళ్ళ తీసి సారు చొక్కాకు కూడా పెట్టాడు.

సారు మైకు అందుకున్నాడు.

"పిల్లలూ, సంతోషం. కానీ ఒక్క సంగతి అడుగుత. నిన్న మధ్యాహ్నం నుంచి నా ముక్కు చూసిపోనీకి పదకొండు మంది అచ్చిండ్రు. ఒకామె ముట్టి గూడ చూసింది. ఇద్దరు కొబ్బరిబోండాలు పెట్టి ఏడ్చుకుంట పోయిండ్రు. ఎందుకో ఎవ్వలు చెప్పలే."

రాజేందర్ హన్మంతు వైపు తిరిగాడు. హన్మంతు శామియానా గుంజ వైపు తిరిగాడు.

అప్పుడు సారు కళ్ళద్దాలు సర్దుకుని తన ఛాతీ మీది బిళ్ళను చూసుకున్నాడు. విప్పి, దూరంగా పట్టుకుని, చదివాడు.

"గిది నేను గాదు. పేరు, హన్మంతు. పుట్టిన ఊరు, మల్యాల. ఓరి హన్మంతూ! పైకి రా."

జనం గొల్లున నవ్వారు. హన్మంతు చెప్పులు విడిచి వేదిక ఎక్కాడు. ఆ నీలం చొక్కా ఫోటో, ఆ అక్షరాలు ఎక్కడివో ఆ ఆవరణలో తెలిసింది తనకే. ఆ బిళ్ళను పొట్ట వేసి ఒత్తింది కూడా తనే.

సారు బిళ్ళను వేళ్ళ మధ్య తిప్పి చూశాడు. "పదో తరగతిల గుండ్రం గీయరాక అరచేతులు వాయంగ తిన్నవు గదరా. గిదెవలు కోసిండ్రు? సరిగ్గ మధ్యల ముక్కు, చుట్టూత ఒక్కతీరు అంచు!"

"నా భార్య, సార్."

"మరి ఆమెను కూసోబెట్టాలె నీ బెంచి మీద," అని సారు ఆ బిళ్ళను మళ్ళీ తన చొక్కాకే పెట్టుకున్నాడు. "ఇన్నేండ్లు మీరు నా మొఖం చూసిండ్రు. ఒక్కరోజు నేను మీ మొఖం పెట్టుకుంట."

చప్పట్లకు శామియానా ఊగింది. ఆ తర్వాత హన్మంతు చుట్టూ మూగినవాళ్ళకు ఎవరి ముఖం వాళ్ళకు బిళ్ళ మీద కావాలి. వీర్నపల్లి బళ్ళో పాఠాలు చెప్పే అలేఖ్య తన పిల్లలందరికీ కావాలంది. కొబ్బరిబోండాలు తీసుకుపోయినవాళ్ళలో ఒకడు తన పెళ్ళిరోజుకు చెప్పాడు. రాసుకోవడానికి కాగితం లేక హన్మంతు బిళ్ళల డబ్బా మూత మీద రాసుకున్నాడు. మూత నిండిపోయింది.

కోరుట్ల బస్సులో కిటికీ పక్కన కూర్చున్న భార్యను చాలాసేపు చూసి, హన్మంతు మెల్లగా అన్నాడు.

"స్వరూపా, గది నా పాస్‌పోర్టు."

"ఔనా?"

"ఔనా అంటవేందే! మొదటి పేజీ మొత్తం కోసిపెట్టినవ్."

"కాగితాల కవర్లనే ఉండె గదా, కలిసింది గావచ్చు. నేను టీవీ దిక్కు చూస్తున్న. చెయ్యి దాని పని అది చేసుకుంట పోయింది."

"మరి మీ అన్నకేం చెప్తవ్?"

"పొరపాటయిందని చెప్త. కొత్త పాస్‌పోర్టు అచ్చేదాన్క ఆ వీసా ఆగుతదా? ఎవరికన్న ఇయ్యమంట, పాపం." పాపం అన్న మాటలో బాధ మాత్రం వినిపించలేదు. ఆమె కిటికీలోంచి మక్కచేన్లు చూస్తోంది.

ముదురాకును వేలితోనే పట్టే చెయ్యికి అంత మందం కాగితం ఎట్లా తగల్లేదని అడగబోయి, హన్మంతు మింగేశాడు. ఇల్లు చేరాక స్వరూప చాయ్ పెడతానని వంటింట్లోకి పోయింది. తన పాస్‌పోర్టును మింగిన ఆ సీరియల్ ఏదో చూద్దామని హన్మంతు టీవీ పెట్టాడు.

రీచార్జి గురువారమే అయిపోయిందని తెర మీద రాసి ఉంది.