బుడుబుంగకు నాలుగో సన్మానం

అడవి చాలా పెద్దది గానీ, దానికి చెరువు ఒక్కటే. వానలు వెనకబట్టి చలిగాలి మొదలవగానే ఉత్తరం నుంచి వలస పక్షులు ఆ దారినే వెళ్తాయి. వాటిలో అరుదైనవాటిని గుర్తించి పుస్తకంలో రాయడానికి జంతువులు ఒక సంఘం పెట్టుకున్నాయి.

అధ్యక్షుడు ఎలుగుబంటి. దానికి పది అడుగుల అవతల ఏదీ ఆనదు. కానీ కదలకుండా కూర్చోవడంలో దాన్ని మించినవాళ్లు లేరు కాబట్టి ఏకగ్రీవంగా ఎన్నికైంది. కార్యదర్శి నక్క.

కొండ అవతలి అడవిలోని చెరువు సంఘం పోయిన ఏడు పదకొండు అరుదైన పక్షుల్ని చూసిందట. మనవాళ్లు చూసినవి రెండు. అందులో ఒకటి తామరాకని తర్వాత తేలింది.

"ఇదంతా మామూలు పక్షుల వల్లే అధ్యక్షా!" అంది నక్క. "కొంగలు, నీటికోళ్లు, ఈ బుడుబుంగలు చెరువంతా కమ్మేసి కూర్చుంటే అరుదైనది ఎక్కడ కనబడుతుంది?"

మర్నాడే ఉత్తర్వు వచ్చింది. మామూలు పక్షులన్నీ చెరువు ఖాళీ చెయ్యాలి.

బుడుబుంగ ఆ చెరువులోనే పుట్టింది. మునగడం, తేలడం తప్ప దానికి లోకం తెలియదు. ఏడుపు ఆపుకుంటూ నక్క దగ్గరికి వెళ్లింది.

"అయ్యా, పైన ఎగిరేవాళ్లు మమ్మల్ని చూసే కదా దిగుతారు! ఎవరూ లేని నీళ్లంటే మొసలి ఉందేమోనని భయపడరూ?"

"నీకు పక్షుల పరిశీలనలో ఎన్నేళ్ల అనుభవం?"

"పరిశీలన ఏమీ లేదయ్యా. నేను పక్షిని."

"అదీ సంగతి! అనుభవం లేనివాళ్లు సలహాలివ్వకూడదు," అంది నక్క.

పక్షులన్నీ కొండ అవతలికి వెళ్లిపోయాయి. సంఘం గట్టుమీద కొలువు తీరింది. వలస పక్షులు గుంపులుగా వచ్చాయి, ఒక చుట్టు చుట్టాయి, కింద ఒక్క పిట్టయినా కనబడక కొండ అవతల దిగాయి. పదిహేను రోజులైనా ఈ ఏటి పుస్తకం తెల్లగానే ఉంది. రేపో మాపో అడవికి రాజైన సింహం వచ్చి దాన్ని చూడబోతోంది.

ఒక పొద్దున్న బుడుబుంగ బెంగ పట్టలేక వచ్చేసింది. బుడుంగున మునిగి, సరిగ్గా ఎలుగుబంటి ముక్కు ముందే తేలింది.

"ఆహా! ఎవరిది? మన చెరువులో ఎప్పుడూ చూడలేదే!" అని ఎలుగుబంటి లేచి నిలబడింది.

నక్క గుర్తుపట్టింది. సింహం కూడా గుర్తొచ్చింది. "అరుదైన పక్షి అధ్యక్షా! ఈ ఏడాది ఇదొక్కటే కనబడింది," అని రాసేసింది. అబద్ధం ఒక్క ముక్క లేదు పాపం.

పూలదండ వేశారు. ఎలుగుబంటి గంటసేపు ప్రసంగించింది.

"అయితే ఇక నేనిక్కడే ఉండొచ్చా?" అని బుడుబుంగ ఆశగా అడిగింది.

"ఉండండమ్మా, ఎంతమాట!" అంది నక్క. "కాకపోతే వారం దాటితే మామూలు పక్షి అయిపోతారు. అప్పుడు ఖాళీ చెయ్యాల్సిందే."

బుడుబుంగ ఆలోచించింది. ఆరో రోజు కొండ చుట్టూ ఓ తిరుగు తిరిగి వచ్చింది. మళ్లీ దండ, మళ్లీ ప్రసంగం, పుస్తకంలో ఇంకో పేజీ. సంగతి తెలిసి కొంగలూ నీటికోళ్లూ అలాగే రావడం మొదలెట్టాయి. చెరువు మళ్లీ కళకళలాడింది. ఆ సందడి చూసి, తలమీద రెండు నల్ల చారలున్న పెద్దబాతు ఒకటి, ఆ అడవిలో ఎవరి తాతలూ చూడనిది, మంచుకొండలు దాటి వచ్చి నీళ్లలో వాలింది.

సంఘమంతా అటు వీపు పెట్టి బుడుబుంగకు నాలుగోసారి దండ వేస్తోంది. పెద్దబాతును చూసింది బుడుబుంగ ఒక్కతే. దండతోనే పక్కకు జరిగి చోటిచ్చింది.

నీతి: సొంత చెరువులో బతకాలంటే వారానికోసారి పరాయి దేశం నుంచి వస్తుండాలి.