బాబాయి చెరిపేసిన షాక్ వేవ్

పదకొండుకు కమిటీ కూర్చుంటుంది. పదింటికల్లా ప్రింటింగ్ గది నుంచి పోస్టర్ తెచ్చి గోడకు తగిలించాలి. ఆ ఉదయం పరిశోధకురాలు వేసుకున్న పథకం అంతే.

ధ్వనికన్నా వేగంగా దూసుకెళ్లే గాలిలో షాక్ వేవ్ పుడుతుంది. గాలి సుడులు వచ్చి దానికి తగిలితే ఏమవుతుందో ఆమె సూపర్ కంప్యూటర్ చేత లెక్క కట్టిస్తోంది. సగం లెక్క అయింది. మిగతా సగానికి మెషీన్ సమయం ఇవ్వాలో వద్దో ఇవాళ కమిటీ తేలుస్తుంది. ఇవ్వకపోతే నాలుగేళ్ల థీసిస్ అటకెక్కినట్టే.

ప్రింటింగ్ గదిలోనే పోస్టర్ విప్పి చూసింది. నడిమధ్యన ఉండాల్సిన నిలువు గీత లేదు.

"బాబాయ్, ఇక్కడ గీత ఉండాలి కదా?"

"ఉండేదమ్మా. తెల్లగా అసహ్యంగా ఉంటే నేనే తీసేశా," అన్నాడు ప్రింటర్. ముప్పై ఏళ్లుగా ఆ గది ఆయనదే. ఆఫీసంతటికీ ఆయన బాబాయే.

"అది షాక్ వేవ్ బాబాయ్. నా థీసిస్ అంతా అదే."

"నాకేం తెలుసు తల్లీ, నీ థీసిస్ అంత సన్నగా ఉంటుందని."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. మళ్లీ అచ్చు వేయమంటే పెద్ద కాగితం అయిపోయిందన్నాడు. విసవిసా డైరెక్టర్ గదికి వెళ్లింది. పోయిన ఏడాది నివేదికలో అచ్చయిన తన ఫొటోలో బుగ్గ మీది పుట్టుమచ్చను బాబాయి ఇలాగే చెరిపేసిన సంగతి డైరెక్టర్ ఇంకా మరిచిపోలేదు. అక్కడికక్కడే బాబాయికి మెమో రాయించాడు. అంతటితో ఆగక కమిటీ పెద్దావిడకు ఫోన్ చేసి, పోస్టర్ మధ్యలోని గీతను ప్రత్యేకంగా చూడమని చెప్పేశాడు.

ఇక గీత ఉండి తీరాలి. ఆమె తెల్ల మార్కరు, పొడవాటి స్కేలు తెచ్చి పైనుంచి కిందదాకా షాక్ వేవ్ గీసేసింది. గీత ఎక్కడా వంకర పోలేదు.

పదకొండుకు కమిటీ వచ్చింది. పెద్దావిడ కళ్లజోడు సవరించుకుని పోస్టర్ మీదికి వంగింది.

"షాక్ ఇదేనా అమ్మా?"

"అదేనండీ."

"బలమైన సుడులు తగిలితే షాక్ ముడతలు పడుతుందని రాసింది మీరే కదా. ఇదేమో స్కేలు పెట్టి గీసినట్టుంది."

పెద్దావిడ వేలు రెండంగుళాలు కుడికి జరిగింది. అక్కడ నలిగిన బట్ట అంచులా వంకరలు తిరుగుతూ ఓ పల్చటి చార.

"మరి ఇదేంటి?"

అదే షాక్ వేవ్. ఆరు నెలలుగా ఆమె అంకెలే చూసింది. బొమ్మ చేసింది నిన్న సాయంత్రమే, రెండు ముక్కలుగా వచ్చిన ఫలితాన్ని హడావుడిగా అతికించి. బాబాయి చెరిపింది ఆ అతుకును. ఇప్పుడామె గీసిందీ దాన్నే. తల దించుకుని ఉన్నదున్నట్టు ఒప్పుకుంది. అయినా ఆమె ఊహించిన ముడతలన్నీ బొమ్మలో కళ్లెదుటే ఉండటంతో కమిటీ మెషీన్ సమయం ఇచ్చేసింది.

క్షమాపణ చెప్పుకోవడానికి ప్రింటింగ్ గదికి పరిగెత్తింది. బాబాయి మెమోకు జవాబు రాసుకుంటున్నాడు.

"ఆ వంకర గీత కూడా తీసేద్దామనుకున్నానమ్మా," అన్నాడు తలెత్తకుండా. "టీ వేళయిందని వదిలేశా."

సాయంత్రం వచ్చిన తీర్మానంలో, లోపాన్ని ముందే పసిగట్టి ఆ గీతను చూడమన్నందుకు కమిటీ డైరెక్టర్‌ను అభినందించింది.