ముందే డ్యూటీకి వెళ్ళిపోయిన కార్టిసాల్

తవిటయ్య ఒంట్లోని కార్టిసాల్ రోజూ అతనికంటే ముందే లేచి ఆఫీసుకు వెళ్ళిపోతోందని రక్తపరీక్షలో తేలింది. పొద్దున్నే తీసిన నెత్తురులో ఆ హార్మోను జాడే లేదు. మనిషికి కంగారు పుట్టించి, మంచం మీంచి లేపి నిలబెట్టేది అదే. అందుకే అతను కొన్నాళ్ళుగా గోడ పట్టుకుని నడుస్తూ, అన్నంలో ఉప్పు మీద ఉప్పు కలుపుకుని తింటున్నాడు.

డాక్టరమ్మ రిపోర్టును తవిటయ్య భార్య గౌరికి విడమరిచి చెప్పింది. "ఇవి మెదడు నుంచి వచ్చే ఆర్డర్లు. ఉండాల్సిన దానికి ఎన్నోరెట్లున్నాయి. కిడ్నీల మీద కూర్చునే గ్రంథి వాటిని అందుకుని కార్టిసాల్ తయారుచేయాలి. చేస్తూనే ఉంది. సరుకే ఇక్కడ లేదు."

"మరేటైపోయిందమ్మా?"

"ఆయన ఉద్యోగం ఎక్కడ?"

గట్ల పరిరక్షణ శాఖలో. గౌరి సెలవుచీటీ పట్టుకుని అక్కడికి పరుగెత్తింది. ఆ శాఖలో హాజరు మిషను వేలిముద్ర చూడదు, కంగారు చూస్తుంది. సూపరింటెండెంట్ దక్షిణామూర్తి మర్యాదస్తుడు. కుర్చీ వేయించి, తవిటయ్య సీటు చూపించాడు. సీట్లో ఎవరూ లేరు. ఫైళ్ళు మాత్రం వాటంతటవే గబగబా తిరుగుతున్నాయి.

"ఆయన మంచం దిగనేకపోతన్నారు బాబూ. సెలవిప్పించండి."

"హాజరులో ఉన్నవాడికి సెలవెలా ఇస్తామమ్మా? నిజం చెప్పాలంటే, ఒళ్ళు రావడం మానేశాకే మీవాడి పని జోరందుకుంది."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వాలి కదా. చివరికి డాక్టరమ్మ చెప్పినట్టు తవిటయ్యను ఆటోలో ఆఫీసుకు తెచ్చి, అతని సీట్లోనే కూర్చోబెట్టి నెత్తురు తీశారు. అంతా నార్మల్. అతను నిటారుగా కూర్చుని, పాప ఏ క్లాసుకొచ్చిందని గౌరిని అడిగాడు.

"ఒకటో క్లాసండి," అంది గౌరి. ఆమెకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

రిపోర్టు కింద డాక్టరమ్మ రాసింది: ఆరోగ్యవంతుడు, ఇంటికి పంపరాదు.

బీరువాల వెనక మంచం వేశారు. అక్కడ అలాంటి మంచాలు ఇంకా ఉన్నాయి. ఆదివారాలు పాపను తీసుకెళ్ళే గౌరికి తక్కిన ఇల్లాళ్ళతో స్నేహం కూడా కలిసింది.

యూనిట్ పరీక్షల రోజు పొద్దున్న పాప లేవలేదు. తట్టి లేపితే మెడ వాలిపోయింది. గౌరి బడికి ఫోన్ చేసింది.

"పాప వచ్చీసిందండీ," అంది టీచరు. "మొదటి బెంచీలో ఉంది. ఒంటిని కూడా బెల్లు కొట్టకముందే పంపించీండి. యూనిఫాం చూడాలి."

గౌరి హమ్మయ్య అనుకుంది. నిద్రపోతున్న పిల్లకు రెండు జడలు వేసి, బూట్లు తొడిగి, ఆలస్యమవుతుందేమోనని భుజాన వేసుకుని పరుగెత్తింది.